ఎవరికి అమ్ముతున్నాం, డబ్బు ఎప్పుడొస్తుంది?

డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య స్మారక ఉపన్యాసం, మచిలీపట్నం



పట్టాభి గారి పేరు తలచుకోగానే 1939లో సుభాష్ చంద్రబోసుతో పోటీ, 1948లో జైపూరు కాంగ్రెసు అధ్యక్షత, ఆయన రాసిన కాంగ్రెసు చరిత్ర, మధ్యప్రదేశ్ గవర్నరు పదవి గుర్తుకొస్తాయి. ఆ పట్టాభి గారి గురించి చెప్పడానికి చరిత్రకారులున్నారు. నేను ఇవాళ తలచుకునేది బందరులో డాక్టరుగా ప్రాక్టీసు పెట్టిన పట్టాభి గారిని. గుండుగొలనులో 1880లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, ఈ ఊరొచ్చిన ఆ డాక్టరు గారికి ఇక్కడి జనం రోగాలతో పాటు అప్పుల సంగతులు కూడా తెలిశాయి. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వెనుక ఆయన పూనిక ఉంది. ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరై, 28న ఈ ఊళ్లోనే తలుపులు తెరిచింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారినా, ఆ లక్షతో మొదలైన పని ఆగలేదు.

ఆయన మీద గౌరవంతో నేను ఈ సభ ముందు పెట్టదలచిన మాట ఒక్కటే. చిన్న వ్యాపారి డబ్బు లెక్క ఒక పుస్తకంలోనూ, అమ్మకం సంగతి తలలోనూ పెట్టుకుంటాడు. ఆ రెండూ ఒకే లెక్క. ఎవరికి అమ్ముతున్నామో తేల్చుకున్నాకే ఎంత అప్పు కావాలో తేలుతుంది. ఈ వరుస తిరగబడినచోట, పనితనం ఎంత ఉన్నా కార్ఖానా నిలవదు. దీన్ని అంచెలంచెలుగా చెబుతాను.

1. పట్టాభి గారి తరం తీర్చిన ప్రశ్న

వందేళ్ల కిందట డెల్టాలో చిన్నవాడి ప్రశ్న ‘అప్పు ఎక్కడ పుడుతుంది?’ అన్నది. కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయ్యాక కాలవలొచ్చాయి, వరి పెరిగింది, చేతులు మారే డబ్బూ పెరిగింది. కాని నాట్ల వేళ పెట్టుబడి కావాలంటే వడ్డీ వ్యాపారి గడపే దిక్కు. సహకార బ్యాంకు, ఆంధ్రా బ్యాంకు ఆ గడపకు పోటీగా ఇంకో గడప చూపించాయి. ఇన్సూరెన్సు కంపెనీ, ఇంటి పెద్ద పోతే మిగిలినవాళ్ల గతేమిటన్న భయానికి జవాబు చెప్పింది.

ఇవాళ అప్పు పుట్టడం అంత కష్టం కాదు. 2015లో వచ్చిన ముద్ర పథకంలో యాభై వేల దాకా శిశు, ఐదు లక్షల దాకా కిశోర్, పది లక్షల దాకా తరుణ్ రుణాలున్నాయి. తరుణ్ రుణం తీసుకుని సరిగా తీర్చినవారికి 2024 నుంచి ఇరవై లక్షల దాకా ఇస్తున్నారు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ కింద చేతివృత్తులవారికి ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షలు. డ్వాక్రా సంఘాల సంగతి ఈ సభలో నాకంటే మీకే బాగా తెలుసు. అయినా పెడనలోనూ గుడివాడలోనూ అవనిగడ్డలోనూ వినపడే మాట ఒకటే: ‘వ్యాపారం బాగానే ఉందండీ, చేతిలోనే డబ్బు ఆడటం లేదు.’ వ్యాపారం బాగుంటే డబ్బు ఎందుకు ఆడదు? మన తరం తీర్చాల్సిన ప్రశ్న ఇదీ.

2. లాభం ఉంది, రొక్కం ఎక్కడ?

ఉదాహరణకు కలంకారీ అద్దకం తీసుకుందాం. ఆ పని వరుస పెడనవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. పట్టణాల నుంచి వచ్చిన విద్యార్థుల కోసం చెబుతాను. గంజి పోయేలా గుడ్డ ఉతకాలి, కరక్కాయ రసంలో ముంచి ఆరబెట్టాలి. ఇనప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టిన కసిమితో నలుపు, పటికతో ఎరుపు పట్టే చోట్లు టేకు అచ్చులతో అద్దాలి. ఆ తర్వాత పారే నీటిలో జాడించాలి, రంగు వేళ్లతో ఉడకబెట్టాలి, మళ్లీ ఆరబెట్టాలి. ఎండ లేకపోతే పని లేదు. ఇంత సేపూ డబ్బు బయటికి పోతూనే ఉంటుంది.

లెక్క కోసం ఒక ఆర్డరు అనుకుందాం. రెండొందల చీరలు, చీర పదిహేను వందలు, మొత్తం మూడు లక్షలు. గుడ్డకు లక్షా పదివేలు, రంగులకూ ఉడుకులకూ ఉతుకులకూ నలభై వేలు, కూలీలకు తొంభై వేలు. ఖర్చు రెండు లక్షల నలభై వేలు పోను లాభం అరవై వేలు. ఎవరైనా సంతోషించే బేరమే.

ఇప్పుడు తారీఖులు వేద్దాం. గుడ్డ కొట్టువాడికి రొక్కం ఇవ్వాలి. కూలీ వారం వారం ఇవ్వాలి. పని నెల పైన పడుతుంది. సరుకు చేరాక కొన్నవాడు రెండు నెలలకు డబ్బు పంపుతాడు. అంటే దగ్గర దగ్గర మూడు నెలలు ఆ రెండు లక్షల నలభై వేలు మన దగ్గర లేనట్టే. ఆ సొమ్ము నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చామనుకోండి. లెక్క సులువుగా ఉండేందుకు మొదటి రోజే అంతా తెచ్చినట్టు చూస్తే, మూడు నెలల వడ్డీ ఇరవయ్యొక్క వేల ఆరువందలు. లాభంలో మూడో వంతు పైనే పోయింది. చీరలో ఏ లోపమూ లేదు, ధరలో తేడా లేదు. లాభాన్ని తిన్నది క్యాలెండరు.

ఇంకో ముచ్చట. సరుకు బాగుందని అదే మనిషి, మొదటి డబ్బు రాకముందే, ఇంకో రెండొందల చీరలకు ఆర్డరిచ్చాడు. పండగే కదా అనుకుంటాం. నిజానికి ఆ రోజు నుంచి మనకు కావలసిన పెట్టుబడి నాలుగు లక్షల ఎనభై వేలు. నష్టాలతో మూతపడ్డ కొట్ల గురించి అందరం వింటాం. ఆర్డర్లు ఎక్కువై చితికిపోయిన కార్ఖానాల గురించి ఎవరూ చెప్పుకోరు. ఎందుకంటే చివరి రోజు దాకా అవి బాగా నడుస్తున్నట్టే కనిపిస్తాయి.

అదే ఆర్డరు ఇంకోలా చూడండి. కొనేవాడు లక్ష అడ్వాన్సు ఇచ్చి, మిగతాది సరుకు చేరిన నెలకు ఇస్తానన్నాడు. బదులుగా నూటికి మూడు రూపాయలు తగ్గించమన్నాడు, అంటే తొమ్మిది వేలు. చాలామంది ఒప్పుకోరు, తొమ్మిది వేలు పోయిందంటారు. లెక్క వేయండి. ఇప్పుడు అప్పు లక్షా నలభై వేలే, అదీ రెండు నెలలకే. వడ్డీ ఎనిమిది వేల నాలుగువందలు. ముందటి వడ్డీలో పదమూడు వేల రెండువందలు మిగిలాయి. తొమ్మిది వేలు తగ్గించి ఇచ్చినా నాలుగు వేల రెండువందలు మనకే లాభం, రెండో ఆర్డరు పట్టుకునే వెసులుబాటు అదనం. ధర తగ్గించి ఎక్కువ సంపాదించాం. ఇది అమ్మకం నిర్ణయమా, డబ్బు నిర్ణయమా? విడదీసి చెప్పలేం. నా వాదన మొత్తానికి ఇదే కీలకం.

3. బందరు నేర్చుకోని పాత పాఠం

మన ఊరికి మార్కెట్ కొత్తది కాదు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో ఇక్కడికి వచ్చింది గుడ్డ కోసమే. ఇక్కడి అద్దకపు గుడ్డ అటు పర్షియాకు, ఇటు సుగంధ ద్రవ్యాల దీవులకు, ఆ తర్వాత యూరపుకూ వెళ్లింది. ఏ దేశానికి ఏ పువ్వు నచ్చుతుంది, ఏ రంగు పోతుంది అన్నది కంపెనీకి తెలుసు, మధ్యవర్తి వర్తకుడికి తెలుసు. నేతగాడికీ అద్దకపువాడికీ అందేది అడ్వాన్సు, నమూనా, గడువు. పని అతనిది, మార్కెట్ ఇంకొకరిది.

అలా ఉన్నప్పుడు ఏమవుతుందో కూడా చరిత్ర చూపించింది. తమ నేతగాళ్లు గోల పెడుతున్నారని ఫ్రాన్సు 1686లో మన రంగు గుడ్డలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరింత గట్టి చట్టం తెచ్చింది. కోరమండలం తీరంలో గుడ్డ అద్దేవాడికి ఆ పార్లమెంటు పేరు కూడా తెలిసి ఉండదు. వర్తకుడికి ఇంకో రేవు, ఇంకో సరుకు ఉంటుంది. అద్దేవాడికి ఉన్నది ఒక్క వర్తకుడే.

అది పాత కథ అనుకోకండి. గిలకలదిండి రేవులో పడవకు వలకు పెట్టుబడి ఇచ్చినవాడికే చేప అమ్మాలి, ధర అతను చెప్పిందే. దివిసీమలో రొయ్యల చెరువుకు మేత అరువిచ్చినవాడి మాట కాదనడం కష్టం. అతను దుర్మార్గుడని కాదు నేననేది. మనకు ఇంకెవరూ ఇవ్వని వేళ ఇచ్చాడు. కాని పెట్టుబడి ఇచ్చినవాడూ కొనేవాడూ ఒక్కడే అయినప్పుడు బేరం ఆడే చోటే ఉండదు. ఇవాళ నగరంలోని ఒక్క పెద్ద షాపునో, ఫోనులో కనిపించే ఒక్క అమ్మకం యాప్‌నో నమ్ముకున్నవారి స్థితీ ఇదే. అందుకని ప్రణాళికలో మొదటి పంక్తి: మన అమ్మకంలో సగానికి మించి ఒక్కరి చేతిలో ఉందా? ఉంటే, రెండో చేయి ఎప్పటికి వెతుకుతాం?

4. ధర కట్టడం

ఇక బందరు లడ్డూ దగ్గరికి వద్దాం. (నవ్వుతున్నారు, ఉపన్యాసం అయ్యాక పెడతారట.) శనగపిండి, నెయ్యి, బెల్లం, రోకలి పోటు, చేయి తిరిగిన మనిషి. పేరుకు కొదవ లేదు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ధర ఎలా కడుతున్నారని అడిగితే ‘పక్క కొట్లో ఎంతో అంతే’ అంటారు.

మళ్లీ లెక్క కోసమే అనుకుందాం. కిలో నాలుగొందలకు అమ్ముతున్నాం. సరుకు, గ్యాసు, డబ్బా కలిపి మూడొందల ఇరవై. కిలోకు ఎనభై మిగులుతుంది. నెలకు కొట్టు అద్దె ఎనిమిది వేలు, మనిషి జీతం పన్నెండు వేలు, కరెంటు రెండు వేలు. ఇక్కడితో ఆపేస్తారు. నేను ఇంకో పంక్తి రాయమంటాను: పొద్దున్నుంచీ రాత్రి దాకా నిలబడే మీ జీతం పద్దెనిమిది వేలు. మొత్తం నలభై వేలు. అంటే నెలకు ఐదొందల కిలోలు అమ్మితే ఖర్చుకు సరి. ఆ పైన అమ్మిందే లాభం.

పక్కవాడు పది శాతం తగ్గించాడని మనమూ తగ్గించామనుకోండి. కిలోకు నలభై తగ్గింది. ఎనభై మిగిలేచోట ఇప్పుడు నలభై. అవే ఖర్చులు తేలాలంటే వెయ్యి కిలోలు అమ్మాలి. పది శాతం తగ్గింపుకు అమ్మకం రెట్టింపు కావాలి! అన్ని కిలోలు చేసే చేతులున్నాయా, కొనే ఊరుందా? ఈ రెండు ప్రశ్నలు వేసుకోకుండా ‘తగ్గింపు’ బోర్డు కట్టేవాడు తన జీతాన్నే తగ్గించుకుంటున్నాడు.

సొంత ఇల్లయితే అద్దె రాయరు, భార్య కష్టానికి కూలి రాయరు. డ్వాక్రా అక్కలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. పచ్చళ్లు పెట్టినా, జంతికలు చేసినా, మీ శ్రమను ఖర్చులో రాయండి. రాయకపోతే లాభం అని మీరనుకునేది మీకు రావలసిన కూలే, అదీ తక్కువ కూలి.

5. ఊరి పేరుతో పాటు మన పేరు

మార్కెటింగు అంటే మన వ్యాపారులకు వెంటనే గుర్తొచ్చేది ఫ్లెక్సీ, లేకపోతే ఇన్‌స్టాగ్రాములో వీడియో. అవి చివరి మెట్టు. మొదటిది: మన సరుకు ఎవరికి, ఏ అవసరానికి, ఏ నెలలో కావాలి?

కలంకారీలోనే చూడండి. సహజ రంగుల అచ్చు పని ఒకటి, రసాయన రంగుల స్క్రీన్ ప్రింటు ఇంకొకటి. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి, ధరలో మాత్రం పోలిక లేదు. స్క్రీన్ ప్రింటు వాడుతున్నవాణ్ణి నేను తప్పు పట్టను, తక్కువ ధరకు కొనేవారూ కొనుగోలుదారులే. తప్పు ఎక్కడంటే, అచ్చు పని చేసేవాడు స్క్రీన్ ప్రింటు కొనే అంగడికి వెళ్లి దాని ధరతో కుస్తీ పట్టడం. వారాల తరబడి చేసిన పనికి తగిన మనిషిని వెతకాలి. ఆ మనిషికి తేడా చూపించాలి. కరక్కాయ ఏమిటి, ఉడుకు ఏమిటి, ఎవరు చేశారు అన్న చిన్న చీటీ చీరతో పాటు వెళ్లాలి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని గర్వంగా చెప్పుకుంటాం. 1999 నాటి చట్టం ప్రకారం ఆ పేరు అధికారికంగా వాడుకునేందుకు ఉత్పత్తిదారు ఎవరికి వారు ‘అధీకృత వినియోగదారు’గా నమోదు కావాలి. ఈ హాల్లో ఎంతమంది నమోదయ్యారో చేతులెత్తమని అడగను, ఇంటికి వెళ్లి మిమ్మల్ని మీరే అడగండి.

చిలకలపూడి రోల్డ్ గోల్డ్ సమస్య వేరు. అక్కడ పేరు కంటే డిజైను ఆయుష్షు ముఖ్యం. సినిమాలో ఒక నెక్లెసు కనపడితే ఊరంతా అదే చేస్తుంది. ఆర్నెల్లకు ఆ మోజు పోతుంది, పెట్టెల్లో సరుకు మిగులుతుంది. కూచిపూడి నాట్యం నగలు అలా కాదు; మోజుతో పనిలేకుండా ఏటా పిల్లలు అరంగేట్రం చేస్తూనే ఉంటారు. మోజు సరుకు తక్కువ తక్కువగా, త్వరగా తిరిగేలా, నిలకడ సరుకు ముందే చేసి పెట్టుకునేలా విడదీసుకున్నవాడికి పెట్టుబడి ఎక్కడ ఇరుక్కుంటుందో ముందే తెలుస్తుంది. చూశారా, డిజైను సంగతి మాట్లాడుతూ మళ్లీ పెట్టుబడి దగ్గరికే వచ్చాం.

6. బ్యాంకు అడిగే కాగితం

బ్యాంకు మిత్రులు కూర్చున్నారు కాబట్టి ధైర్యంగానే చెబుతాను. రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ చెప్పిన పద్ధతి దశాబ్దాలుగా అమల్లో ఉంది. చిన్న పరిశ్రమకు రోజువారీ పెట్టుబడిగా, వచ్చే ఏడాది అంచనా అమ్మకాల్లో కనీసం ఐదో వంతు బ్యాంకు ఇవ్వాలి. మరో ఐదు శాతం యజమాని పెట్టుకోవాలి. ఇరవై లక్షల అమ్మకాలుంటే నాలుగు లక్షల సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిటు, లక్ష మన సొంతం.

‘అంచనా అమ్మకాలు’ అన్న మాట గమనించండి. బ్యాంకు అప్పు లెక్కే అమ్మకాల ప్రణాళిక మీద నిలబడి ఉంది. ఎవరికి, ఎన్ని, ఏ ధరకు, ఏ నెలలో అన్నది రాసి చూపించలేని మనిషికి అధికారి తన ఊహతో ఒక అంకె వేస్తాడు. అది చాలదు. చాలనిదాన్ని మనం రోజువారీ ఫైనాన్సుతో పూడుస్తాం. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి ముప్పైఆరు శాతం, బ్యాంకు వడ్డీకి మూడు రెట్ల దాకా.

అప్పు కంటే ముందు అడగాల్సింది మన బాకీ. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు ఒక హక్కు ఇచ్చింది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే నలభై ఐదు రోజులు దాటకుండా, లేకపోతే పదిహేను రోజుల్లో కొన్నవాడు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఇంకో మలుపు ఉంది: గడువులో చెల్లించని ఆ మొత్తాన్ని కొన్నవాడు, చెల్లించేదాకా, తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేడు. ఇందుకు చిన్న సంస్థల ‘ఉద్యం’ నమోదు ఉండాలి. కొని అమ్మే వర్తకుడికి ఈ హక్కు లేదు, చేసి అమ్మేవారికి ఉంది. ‘అడిగితే మళ్లీ ఆర్డరివ్వడండీ’ అంటారు. నిజమే, ఒక్కడే కొనేవాడున్నప్పుడు ఏ చట్టమూ మన నోరు తెరిపించదు. అందుకే మూడో అంచెలో రెండో చేయి గురించి అంతగా చెప్పాను.

7. తుఫాను కూడా లెక్కలోదే

ఈ తీరంలో నిలబడి ప్రణాళిక గురించి మాట్లాడుతూ సముద్రాన్ని మరవడం కుదరదు. 1864 నవంబరు 1 ఉప్పెనలో ఈ ప్రాంతంలో ముప్పై వేల మంది పోయారంటారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన చూసినవారు ఈ సభలోనే ఉన్నారు. రెండూ నవంబరులోనే. దీపావళి, పెళ్లిళ్ల కోసం సరుకు నిండుగా ఉండేదీ, ఎండ తక్కువై అద్దకం పని కుంటుపడేదీ ఆ రోజుల్లోనే.

అప్పులిచ్చే బ్యాంకు పెట్టిన పట్టాభి గారు రెండేళ్లకే ఇన్సూరెన్సు కంపెనీ వైపు వెళ్లడంలో ఒక వరుస ఉంది. అప్పుతో నడిచే పనికి రక్షణ కూడా కావాలి. చిన్న సంస్థల కోసం 2021 నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ పాలసీ ఉంది. అగ్నిప్రమాదంతో పాటు తుఫాను, వరద కూడా అందులో వస్తాయి. ఒక్క హెచ్చరిక: ప్రీమియం తగ్గుతుందని పది లక్షల సరుకును ఐదు లక్షలకే రాయించుకుంటే, నాలుగు లక్షల నష్టానికి నాలుగూ రావు, సగానికి అటూఇటూగానే వస్తుంది. అక్టోబరులో సరుకు ఎంత ఉంటుందో తెలిసినవాడే సరైన మొత్తానికి రాయించగలడు. అదీ అమ్మకాల అంచనాతోనే తెలిసేది.

8. చేయవలసినవి

ప్రణాళిక అంటే రంగుల బొమ్మల పుస్తకం కాదు. ఒక్క తెల్ల కాగితం, పన్నెండు నెలల గడులు. పైన ఏ నెలలో ఎవరికి ఎంత అమ్ముతాం. దాని కింద ఆ డబ్బు నిజంగా చేతికొచ్చే నెల. దాని కింద పోయే ఖర్చులు, మన జీతంతో సహా. అడుగున మిగులు, లేదా తరుగు. తరుగు ఉన్న నెలలకే అప్పు, ఆ తరుగు ఎంతో అంతే. నెల చివర అసలు జరిగిందాన్ని పక్కన ఇంకో రంగు సిరాతో రాయాలి. ఇంటి ఖర్చుకూ వ్యాపారానికీ రెండు బ్యాంకు ఖాతాలు ఉండాలి. పిల్ల పెళ్లికి కొట్టు గల్లాలోంచి తీసినా, చీటీ పాట పాడి కొట్లో పెట్టినా, ఆ తారీఖు రాయాలి. గుడివాడ బియ్యం కొట్టుకైనా, నాగాయలంక ఎండుచేపల బండికైనా ఈ కాగితం సరిపోతుంది.

మంగినపూడి దగ్గర పోర్టు వస్తోందని అందరం ఎదురు చూస్తున్నాం. రేవు సరుకును బయటికి పంపినట్టే లోపలికీ తెస్తుంది. మన అంగడికి దూరం నుంచి చవక సరుకు వచ్చే రోజుకి ఎవరికి అమ్ముతున్నామో తెలిసినవాడు నిలబడతాడు. పోర్టు వచ్చినంత మాత్రాన మార్కెట్ మన చేతికి రాదు. నాలుగు వందల ఏళ్ల కిందట రేవు మన ఊళ్లోనే ఉంది.

చివరగా రెండు విన్నపాలు. కాలేజీ యాజమాన్యాలకు: బీకాం చివరి ఏడాది విద్యార్థికి ప్రాజెక్టు పేరుతో ఎక్కడిదో కంపెనీ లెక్కలు కాపీ చేయించే బదులు, ఒక కార్ఖానానో, ఒక లడ్డూ కొట్టునో, ఒక డ్వాక్రా సంఘాన్నో అప్పగించండి. ఏడాది పాటు ఆ పన్నెండు గడుల కాగితం ఆ విద్యార్థే రాయాలి, మార్కులు దానికే ఇవ్వాలి. బ్యాంకు అధికారులకు: ఆ కాగితం తెచ్చినవారి దరఖాస్తు ముందు చదవండి, తిరస్కరిస్తే ఏ గడి నమ్మశక్యంగా లేదో వేలు పెట్టి చూపించి పంపండి. దానికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు. లక్ష రూపాయల మూలధనంతో బ్యాంకు తెరిచిన ఊరికి ఈ పని పెద్దది కాదు. వచ్చే ఏడాది ఇదే స్మారక సభలో నాలాంటివాడి ఉపన్యాసం బదులు, ఆ కాగితాలు రాసిన పదిమంది వ్యాపారులను పిలిచి వాళ్ల లెక్కలు చదివించమని నిర్వాహకులను కోరుతున్నాను.